మార్ఫియస్‌లో పదకొండు తప్పులు

ఆఫీసులో అందరూ ఆమెను భూతద్దం అంటారు. చాటుగా కాదు, మొహం మీదే. "భూతద్దం గారూ, ఒకసారి ఇటొస్తారా" అని పిలిచేంత మర్యాద కూడా ఆ పేరుకు వచ్చేసింది. ఆమెకు కోపం రాదు. లోకంలో ఆమెకు కోపం తెప్పించే సంగతులు ఇంకా చాలా ఉన్నాయి కాబట్టి, ఒక పేరు మీద పెట్టేంత కోపం ఆమె దగ్గర మిగలదు.

అది వీడియో గేములు తయారుచేసే కంపెనీ. ఆ గేములు ఆడటమే ఆమె పని. ఈ ముక్క వింటే పక్కవాటా పిల్లలు కుళ్లుకుంటారు. కుళ్లుకోవాల్సిందేమీ లేదు. ఆడటమంటే ప్రతి గోడకూ తల కొట్టుకుని చూడటం, ఒకే తలుపును వందసార్లు తెరిచి మూయటం, ఒకే మేడ మీంచి అరవై రకాలుగా దూకి చావటం. ఎక్కడ కాలు నేలలోకి దిగబడుతోందో, ఎక్కడ చచ్చినవాడు ఇంకా మాట్లాడుతున్నాడో పట్టుకుని తప్పుల పట్టికలో ఎక్కించాలి. పట్టికలో ప్రతి తప్పుకూ రెండు గడులుంటాయి. ఒకటి "ఎలా ఉంది", రెండోది "ఎలా ఉండాలి". మొదటి గడి ఎవడైనా నింపుతాడు, అడ్డమైనవాడికీ వంకలు కనిపిస్తాయి. రెండోది నింపలేనివాడు నోరు మూసుకోవాలని ఆమె సిద్ధాంతం. ఆమె పాస్ కొట్టనిదే ఏ లెవెలూ ఆ ఆఫీసు గడప దాటదు.

ఈ బుద్ధి ఆమెకు చొక్కాల ఫ్యాక్టరీలో అబ్బింది. అక్కడ ఇరవై రెండేళ్లు చెకింగ్ చేసింది. చొక్కా చేతిలోకి రాగానే ముందు లోపలికి తిప్పాలి. పైకి అందరూ నీటుగానే కుడతారు, దొంగతనమంతా లోపలుంటుంది. కాలర్ మడత విప్పి చూడాలి, చంక దగ్గర కుట్టు లాగి చూడాలి, బొత్తాం ఒక్కొక్కటీ మెలిపెట్టి చూడాలి. తిప్పి చూడకుండా చొక్కాను ప్యాక్ చేసినా తప్పే, తిప్పి చూడకుండా పక్కన పడేసినా తప్పే.

ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆమెను ఇక్కడికి తెచ్చింది తమ్ముడు. అతను ఈ కంపెనీలో డిజైనర్. గేములో మనుషులెవరు, ఇళ్లెలా ఉండాలి, ఎవడు ఎప్పుడు ఏం మాట్లాడాలి, అన్నీ అతని బుర్రలోంచే రావాలి. "తమ్ముడు ఇప్పించిన ఉద్యోగం" అన్న మాట ఆమెకు గొంతులో ముల్లు. ఆ ముల్లు దిగడానికి ఆమె కనిపెట్టిన మందు ఒక్కటే: తమ్ముడి లెవెల్ వచ్చిందంటే మిగతావాళ్ల దాంట్లో కన్నా రెండింతలు తప్పులు పట్టడం. కంపెనీకి అది లాభమే గనక ఎవరూ అడ్డు చెప్పలేదు. అతను మాత్రం పెళ్లయ్యాక అక్క ఇంటి మెట్లెక్కడం మానేశాడు. నెలకొకసారి ఫోన్: బాగున్నావా, బాగున్నాను, ఉంటాను. ఇదంతా మరదలు నూరిపోసిన విషమని భూతద్దం నమ్మకం. పాపం, భూతద్దం ఇప్పుడు పెట్టుకున్న కళ్లజోడు కొనిచ్చింది ఆ మరదలే.

ఇక గేము సంగతి. అందులో విలన్ ఒక గ్రీకు దేవుడు, కలల దేవుడు, పేరు మార్ఫియస్. ఆరు నెలల కిందట మీటింగులో తమ్ముడు నిలబడి అతని పుట్టుపూర్వోత్తరాలు చెప్పాడు. నిద్రదేవుడికి వెయ్యిమంది కొడుకులట. వాళ్లలో ఈ మార్ఫియస్ విద్య మనుషుల వేషం కట్టడం. నడక, గొంతు, బట్టలు, మాట విరుపు, అన్నీ దించేస్తాడు. మనిషిని తప్ప ఇంకేదీ కట్టలేడు. జంతువుల వేషం ఒక తమ్ముడిదట, రాళ్లూ చెట్లూ ఇంకో తమ్ముడివట. "ఇంటిల్లిపాదీ వేషగాళ్లేనన్నమాట" అంది భూతద్దం వెనక వరసలోంచి. అందరూ నవ్వారు. తమ్ముడు నవ్వలేదు. ఆ రోజు నుంచి టెస్టింగ్ గదిలో ఆ దేవుడి పేరు నిద్రమొహంగాడు.

మొదటి లెవెల్లో నిద్రమొహంగాడు హీరోకి స్నేహితుడిలా వచ్చాడు. రెండోదాంట్లో చదువు చెప్పిన మాస్టారిలా వచ్చాడు. ఈ రెండిట్లో ఆమె నూట నలభై తప్పులు పట్టి, అవి సరిచేయించి, పాస్ కొట్టింది. మూడో లెవెల్ మంగళవారం పొద్దున్న ఆమె బల్ల మీదికి వచ్చింది.

యుద్ధంలో అలిసిపోయిన సైనికుడు చిన్నప్పటి ఇంటికొచ్చి తలుపు తోస్తాడు. ఒకటే గది. ఒక మూల స్టవ్, ఇంకో మూల మంచం, కిటికీ కింది సగానికి అట్టముక్క. స్టవ్ దగ్గర ఒక ఆడమనిషి అటు తిరిగి నిలబడి ఉంటుంది. గోధుమరంగు స్వెట్టర్, చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. ఆమె ఇటు తిరిగింది. మొహం మీద నీడ పడేలా చేశారు. ఎంత దగ్గరికెళ్లినా గడ్డం, పెదాలు తప్ప కనిపించవు. కానీ స్వెట్టర్ మీద వెలుగు బాగానే పడింది. బొత్తాలన్నీ గోధుమరంగు, మూడోది ఒక్కటే నలుపు.

భూతద్దం చేతిలో కంట్రోలర్ ఆగిపోయింది. అది అమ్మ స్వెట్టర్. మూడో బొత్తాం ఎక్కడో ఊడిపోతే, డబ్బాలో దొరికిన నల్ల బొత్తాన్ని అమ్మే కుట్టుకుంది. అలాంటి స్వెట్టర్ లోకంలో ఒక్కటే ఉండేది.

తెర మీద ఆ మనిషి దగ్గరికొచ్చి సైనికుడి కాలర్ పట్టుకుని, మడత విప్పి, లోపలి కుట్టు చూసింది. "అంతా నీ మంచికేరా" అంది. తెర మూలన సైనికుడి బలం చూపే గీత కొంచెం తరిగింది. "నేను తప్ప నీకెవరున్నారు?" అంది. ఇంకొంచెం తరిగింది. "పడుకో. నేనొచ్చేదాకా కదలకు. ఏడిస్తే తాళం తియ్యను" అని గుమ్మం వైపు నడిచింది. ఆ మాట నమ్మి మంచమెక్కితే బయట తాళం పడుతుంది, ఆట అయిపోతుంది. గెలవాలంటే ఒకటే దారి. ఆమె గుమ్మం చేరేలోపు వెనక నుంచి మూడు దెబ్బలు వెయ్యాలి.

భూతద్దం ఒక్క దెబ్బ కూడా వెయ్యలేదు. కంట్రోలర్ బల్ల మీద పెట్టి, నలభైమంది కూర్చున్న హాలు ఈ కొస నుంచి ఆ కొసకు నడిచింది.

"ఒరేయ్, అమ్మనే దెయ్యాన్ని చేస్తావా?"

తమ్ముడు చెవుల మీంచి హెడ్‌ఫోన్ తీశాడు. "ఆఫీసులో ఒరేయ్ అనొద్దన్నాను కదక్కా."

"అంటాను. చచ్చిపోయిన మనిషి నీకేం అపకారం చేసిందిరా? రేపు ఊళ్లో పిల్లలంతా మన అమ్మని వెనక నుంచి పొడిచి ఈలలెయ్యాలా? సిగ్గుందా నీకు?"

చుట్టూ కీబోర్డుల చప్పుడు ఆగింది. తమ్ముడి మొహం మాడిపోయింది. గొంతు మాత్రం పెంచలేదు. అతను ఎప్పుడూ పెంచడు, అదే ఆమెకు ఒళ్లుమంట.

"తప్పేదైనా ఉంటే పట్టికలో పెట్టు. అందరూ అలాగే పెడతారు" అని హెడ్‌ఫోన్ మళ్లీ పెట్టుకున్నాడు.

పెట్టమన్నాడుగా, పెట్టింది. నలభైమందీ చూస్తారని తెలుసు, చూడాలనే పెట్టింది. మధ్యాహ్నం తిండి కూడా మానేసి పదకొండు తప్పులు రాసింది. ఎలా ఉంది: మనిషి ఎండుకట్టెలా ఉంది. ఎలా ఉండాలి: లావుగా ఉండాలి. ఎలా ఉంది: కాలర్ తిప్పి కుట్టు చూస్తుంది. ఎలా ఉండాలి: ఆవిడకు కుట్టుపని రాదు, బొత్తాం కుట్టుకోవడమే గగనం. ఎలా ఉంది: బయట తాళం వేసి పోతుంది. ఎలా ఉండాలి: ఆవిడ ఇంటిపట్టునే ఉండేది, ఏ రోజూ ఎవరినీ గదిలో పెట్టి తాళం వెయ్యలేదు. ఎలా ఉంది: ఏడిస్తే బెదిరిస్తుంది. ఎలా ఉండాలి: ఏడిస్తే ఎత్తుకునేది. ఇలా పదకొండు. చివర్న "ఈ రూపం తీసేస్తే తప్ప పాస్ కొట్టను" అని రాసి, కళ్లజోడు తుడుచుకుని ఇంటికి పోయింది. రాసినంతసేపూ అమ్మ పరువు కాపాడుతున్నానన్న గర్వం ఆమెను నిలబెట్టింది. ఆ గర్వం నిజమైనదే.

బుధవారం పొద్దున్న వచ్చేసరికి పదకొండు వరసల పక్కనా ఒకే జవాబుంది. తప్పు కాదు, కావాలనే చేశాం. తప్పు కాదు, కావాలనే చేశాం. పదకొండుసార్లు. ఆమె ఎనిమిదేళ్ల నౌకరీలో ఒక్క తప్పు కూడా వెనక్కి రాలేదు. పళ్లు పటపట కొరికింది.

పదిగంటలకు మేనేజర్ ఇద్దరినీ అద్దాల గదిలోకి పిలిచాడు. చిన్నవాడు. గొడవలంటే అతనికి కడుపునొప్పి.

"మేడమ్, శుక్రవారానికి ఇది బయటికి పోవాలి. మీ పాస్ లేకపోతే పోదు. ఇంట్లో గొడవలేమైనా ఉంటే ఇంట్లోనే..."

"ఇంటిని ఇక్కడికి తెచ్చింది నేను కాదండీ. ఇదిగో, ఈయన." ఆమె పట్టిక కాగితం మీద అచ్చు తీసుకుని వచ్చింది. "ఒక్కొక్కటీ అడుగుతాను. మీ ముందే చెప్పమనండి. మా అమ్మ లావు మనిషి. అవునా కాదా?"

"అవునట. ఫోటోలో చూశాను" అన్నాడు తమ్ముడు.

"మరి ఇదెవత్తి, ఈనుపుల్లలా?"

ఆమె వేలు తరువాతి వరస మీదికి జారింది.

"అమ్మకు కుట్టుపని రాదు. కాలర్ తిప్పి చూసే అలవాటు అమ్మకెక్కడిది?"

"అమ్మకు లేదు."

"ఒప్పుకున్నాడు, రాసుకోండి. అమ్మ ఇల్లు కదిలేది కాదు. బయట తాళం పెట్టి ఎక్కడికి పోతుంది?"

"ఫ్యాక్టరీకి" అన్నాడు తమ్ముడు.

ఇంకో వరస మీదికి పోతున్న ఆమె వేలు ఆగింది.

"అమ్మ పోయేటప్పటికి నాకు ఆరేళ్లు. అమ్మ మొహం కూడా నాకు గుర్తులేదక్కా. ఆ స్వెట్టర్‌లో నాకు గుర్తున్నది నువ్వే."

ఆమెకు ముందు అర్థంకాలేదు, ఆ తరువాత అర్థమయింది. చెంప మీద ఈడ్చి కొట్టినట్టయింది. అమ్మ పోయాక ఆ స్వెట్టర్ ఐదు చలికాలాలు తన ఒంటి మీదే ఉంది. ఎండుకట్టెలా ఉన్నది తను. రోజుకు మూడు వందల కాలర్లు తిప్పి, ఇంటికొచ్చి కూడా ఆ చేతులు ఊరుకోక, తమ్ముడి కాలర్ తిప్పింది తను. ఒక రోజంతా కూర్చుని, తన మీద తనే పదకొండు తప్పులు రాసుకుని, నలభైమందికి చూపించుకుంది.

"ఎంత మాటన్నావురా!" ఆమె కాగితం బల్ల మీదికి విసిరికొట్టింది. "నాకప్పుడు ఇరవై రెండేళ్లు. నాన్న అంతకు ముందే పోయాడు. ఆరింటికి షిఫ్టు. నిన్నెవరి దగ్గర పడేసి పోను? తాళం వెయ్యకపోతే రోడ్డు మీద పడి ఏ లారీ కిందో పోయేవాడివి. నిన్ను పెంచింది నేను!"

"అవును. నువ్వే పెంచావు."

"ఆ మాట అనే తీరా అది?"

"గదిలో బాత్రూమ్ లేదక్కా" అన్నాడు తమ్ముడు. ఇప్పుడు కూడా గొంతు పెంచలేదు. "వరండా చివర ఉండేది, తాళానికి అవతల. పొద్దున్న ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా. నువ్వొచ్చి మంచం తడి చూసి కొట్టేదానివి. తాళం ఎందుకేశావో పెద్దయ్యాక తెలిసింది. ఎందుకు కొట్టేదానివో ఇప్పటికీ తెలీదు."

మేనేజర్ ల్యాప్‌టాప్‌లోకి తల దూర్చాడు. అందులో ఏమీ లేదు, తెర నల్లగా ఉంది. ఆమెకు చెప్పడానికి వంద మాటలు దొరికాయి. అలసట, ఆకలి, ఇంటి ఓనరు, ఉతికిన దుప్పటి ఆరే చోటు లేకపోవడం. అన్నీ నిజాలే, ఒక్కటీ జవాబు కాదు. మనసులో మాత్రం ఒకటే మాట తిరిగింది: కృతఘ్నుడు. ఆ మాట పైకి అనకుండా ఉండటానికి ఆమె పెదవి కొరుక్కుంది.

"స్వెట్టర్ మార్చేద్దాం మేడమ్" అన్నాడు మేనేజర్ చివరికి. "రూపం మార్చేద్దాం. మాటలు కూడా మారుద్దాం. మీరు ఊఁ అంటే సాయంత్రానికి అయిపోతుంది. ఎవరికీ ఏమీ తెలీదు."

తమ్ముడు బల్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. వద్దనలేదు, బతిమాలలేదు. ఈ గేము మీద అతను రెండేళ్లు పడ్డ చాకిరీ ఆమెకు తెలుసు. తన నోట ఊఁ అన్న ఒక్క అక్షరం వస్తే ఆ గది, ఆ తాళం, ఆ స్వెట్టర్ మనిషి లేకుండా పోతాయి. తను మంచి అక్కగా మిగిలిపోతుంది. అలా మిగలాలని ఆమెకు ప్రాణం కొట్టుకుంది.

"నేనింకా లెవెల్ పూర్తి చెయ్యలేదు" అంది. అది నిజం. దెబ్బ వెయ్యలేక మధ్యలో ఆపి, లోపలికి తిప్పి చూడకుండానే చొక్కాను పక్కన పడేసింది. ఇరవై రెండేళ్లలో చెయ్యని పని. "చూసి చెప్తాను" అని లేచింది.

తన బల్ల దగ్గర కూర్చుని మూడో లెవెల్ తెరిచింది. స్వెట్టర్ మనిషి కాలర్ తిప్పింది, అంతా నీ మంచికేరా అంది, గుమ్మం వైపు నడిచింది. మొదటి దెబ్బ ఆమె తమ్ముడి మీద కోపంతో వేసింది. రెండోది ఎవరి మీదో తెలియకుండా వేసింది. మూడోది తెలిసే వేసింది. ఆ వీపు పగిలి, లోంచి నల్లరెక్కల మార్ఫియస్ లేచి నిలబడ్డాడు. తెల్లటి మొహం, అరమూసిన కళ్లు. "వేషం ఒక్కటే నాది" అన్నాడు. "మాటలు నీ లోపల దొరికినవి." మాయమయ్యాడు.

అక్కడితో అయిపోతుందనుకుంది. అవలేదు. లెవెల్ చివర ఒక చిన్న ముక్క ఉంది, ఆమె ఇంతవరకూ చూడనిది. ఇప్పుడు మనం గది బయట ఉంటాం. మార్ఫియస్ మళ్లీ ఆ ఆడమనిషి వేషం కట్టి, తలుపు మూసి, తాళం వేసి, లాగి చూసుకుని వెళ్లిపోతాడు. లోపల పసివాడి ఏడుపు. స్వెట్టర్ మనిషి మొదటి మెట్టు మీద కాలు పెట్టగానే ఆ ఏడుపు ఠక్కున ఆగిపోతుంది. తరువాత నిశ్శబ్దం, మెట్లు, వీధి, ఆమె నడుస్తున్న చెప్పుల చప్పుడు, మలుపు. లెవెల్ పూర్తి.

భూతద్దం ఆ ముక్కను తొమ్మిదిసార్లు చూసింది. తొమ్మిదిసార్లూ ఏడుపు మొదటి మెట్టు దగ్గరే ఆగింది. తప్పు ఎక్కడుందో మొదటిసారే తెలిసిపోయింది. మిగతా ఎనిమిదిసార్లూ దాన్ని రాయకుండా ఉండటానికి కారణం వెతుక్కుంది. ఆ తప్పు ఇంకెవరికీ దొరకదు. అది తప్పని చెప్పగలిగిన మనిషి లోకంలో తనొక్కతే. రాయకపోతే ఎవరికీ నష్టం లేదు. తనకు లాభం కూడా, మామూలు లాభం కాదు. భయం వేసింది. ఈ వయసులో, పట్టపగలు, దీపాలన్నీ వెలుగుతున్న హాల్లో, బొమ్మల ఆట ముందు కూర్చుని ఆమెకు నిజంగా భయం వేసింది.

పట్టిక తెరిచింది. పాత పదకొండు వరసల పక్కనా "నా పొరపాటు" అని కొట్టింది. పన్నెండో వరస మొదలుపెట్టింది.

ఎలా ఉంది: తాళం వేశాక ఆమె మొదటి మెట్టు దిగగానే లోపలి ఏడుపు ఆగిపోతోంది.

ఎలా ఉండాలి: ఆగకూడదు. మెట్లన్నీ దిగేదాకా ఆమెకు వినబడాలి. వీధిలోనూ వినబడాలి, మలుపు తిరిగేదాకా.

పావుగంటకి తమ్ముడు వచ్చి ఆమె కుర్చీ పక్కన నిలబడ్డాడు.

"ఇదేంటక్కా?"

"తప్పు."

"ఆ ఏడుపు అక్కడ ఆపించింది నేనే. సౌండ్ వాళ్లు వద్దన్నా ఆపించాను." అతను మాట కూడగట్టుకున్నాడు. "మెట్ల దాకా వెళ్తే లోపలిది వినబడదనుకున్నాను. గోడలు మందం కదా. నీకు వినబడదు కాబట్టే పోగలిగావని... అదొక్కటే నేను నీకు ఉంచింది."

ఒక్క అబద్ధం చాలు. అప్పుడు వినబడలేదురా, ఏదో రాశాను, కొట్టెయ్ అంటే చాలు. అతను దానికోసమే వచ్చి నిలబడ్డాడని ఆమెకు తెలుసు. తను పెంచిన పిల్లాడు, అడక్కుండానే కాళ్లావేళ్లా పడుతున్నాడు.

"వినబడేదిరా" అంది.

"రోజూనా?"

"రోజూ."

అతను తిట్టలేదు. హాలు ఆ కొసకు నడిచి, హెడ్‌ఫోన్ పెట్టుకుని పనిలో పడ్డాడు. ఆమె ఆ వీపునే చూస్తూ కూర్చుంది. పిలవాలనిపించింది. ఏమని పిలుస్తుంది?

మూడు గంటలకు పన్నెండో వరస పక్కన జవాబు వచ్చింది: సరిచేశాం. ఆమె హెడ్‌ఫోన్ పెట్టుకుని మొదటి నుంచి ఆడింది. మూడు దెబ్బలూ వేసింది. తలుపు పడింది, తాళం పడింది. స్వెట్టర్ మనిషి మెట్లు దిగింది, వీధిలోకి వచ్చింది, వెనక్కి తిరక్కుండా నడిచింది. ఏడుపు సన్నబడుతూ మలుపు దాకా వచ్చింది. ఆమె చివరిదాకా విని, పాస్ కొట్టింది.